ఆ గోడ దిగు, సిమెంటూ

సిమెంటు పూతకు బహిరంగ లేఖ

కొన్ని నెలల కిందట ఒక శనివారం పొద్దున నిన్ను ఒక గోడ మీంచి ఊడదీశాను. ఉలి మొన ఆనించి సుత్తితో నాలుగు దెబ్బలు వేసేసరికి తలుపు రెక్కంత పెచ్చు జారి గడ్డిలో పడింది. దాని వెనక ఓక్ దూలం ఉండాలి. గోడ మొత్తాన్ని మోసే అడుగు దూలం అది. చెయ్యి ఆనించి చూశాను. వేళ్లు లోపలికి దిగిపోయాయి. ఐదు వందల ఏళ్లకు పైగా నిలిచిన దుంగ, తడిసిన కాఫీ పొడిలా చేతిలోకి రాలింది.

ఇంటావిడ నా పక్కనే ఉంది. ఆవిడకు ఎనభై దాటాయి. వంగి ఆ పొడిని గుప్పెడు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "అమ్మ పడకగదిలో ఎప్పుడూ ఇదే వాసన ఉండేది. పాత ఇల్లు కదా, పాత ఇళ్లన్నీ ఇలాగే ఉంటాయి అనుకునేవాళ్లం" అంది. ఆ వాసన ఇంటిది కాదని, నువ్వు లోపల బంధించిన తడిదని ఆవిడకు ఎనభై ఏళ్లు దాటాక తెలిసింది. అందుకే నీకు ఈ ఉత్తరం.

నేనెవరో ముందు చెప్పాలి. మాది పల్నాడు. పిడుగురాళ్లకు దగ్గరి పల్లె. సాగర్ కుడి కాలువ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి. సివిల్ ఇంజనీరింగ్ చదివి ముప్పై ఏళ్లుగా నీతోనే బతికాను. వంతెనలకు నిన్ను వాడాను, నీళ్ల ట్యాంకులకు వాడాను, గోదాముల పునాదులకు వాడాను. నా పిల్లల చదువులు నీ పుణ్యమే. నువ్వు లేకపోతే నాగార్జునసాగర్ లేదు, మా ఊరి పొలాల్లో వరి లేదు. కాబట్టి నిన్ను తెలియక తిడుతున్నానని ఎవరూ అనుకోకూడదు. నీ బలం నాకు బాగా తెలుసు. ఏ గోడకు నువ్వు పనికిరావో కూడా ఇప్పుడు తెలుసు.

ఆ ఇల్లు తూర్పు ఇంగ్లండులో, సఫోక్‌లో ఉంది. నేను అద్దెకుండే ఇంటికి రెండు కంచెల అవతల. పదిహేనో శతాబ్దంలో కట్టారు. గోధుమ గడ్డితో నేసిన మందపాటి కప్పు, పల్లెల్లో తలకు చుట్టుకున్న తువ్వాలులా కిటికీల మీదికి వంగి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు మా నాయనమ్మ ఇల్లు గుర్తొచ్చింది. ఇక్కడి చలి వేరు, చెట్లు వేరు, అయినా కప్పు కింద నిలబడితే ఎండుగడ్డి వాసన ఒకటే.

ఆ ఇంటిని ఎలా కట్టారో నీకు తెలియాలి. నువ్వు దాని మీదికి ఎక్కినప్పుడు నీకెవరూ చెప్పి ఉండరు.

చెట్టు కొట్టిన కొద్ది నెలల్లోనే, పచ్చి మీదే, ఓక్ దుంగలను చెక్కారు. పచ్చి ఓక్ గొడ్డలికి లొంగుతుంది. ఎండితే ఉలి విరుగుతుంది. ఒక దూలం కొసను నాలుకలా చెక్కి, మరో దూలంలో తొలిచిన రంధ్రంలో దూర్చి, అడ్డంగా ఓక్ మేకు దిగగొట్టారు. ఇనుము వాడలేదు. ముందు నేల మీద చట్రం అంతా అమర్చి చూసుకుని, ఏ ముక్క ఎక్కడిదో మరిచిపోకుండా రోమన్ అంకెల్లో గాట్లు పెట్టుకుని, విడదీసి, మళ్లీ నిలబెట్టారు. ఆ గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. నిన్ను తీసేసిన చోట మూడు నిలువు గీతలు, ఒక అడ్డ గీత బయటపడ్డాయి. ఆ వడ్రంగి పేరు ఎక్కడా లేదు. అతని చేతిరాత మాత్రం అక్కడుంది. యాభై ఏళ్లు నువ్వు దాని మీద కూర్చున్నావు.

చట్రం నిలబడ్డాక స్తంభాల మధ్య ఖాళీల్లో ఓక్ కర్రలు నిలువుగా పెట్టి, వాటి చుట్టూ హేజెల్ కొమ్మలు అల్లారు. మనం దాన్ని తడిక అంటాం. దానికి రెండు వైపులా బంకమట్టి, తరిగిన గడ్డి, ఆవుపేడ కలిపి కాళ్లతో తొక్కిన ముద్దను మెత్తారు. ఈ మాట మొదట ఒక పుస్తకంలో చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. సఫోక్ రైతుకూ పల్నాటి రైతుకూ ఎవరు ఎవరికి చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కాళ్ల కింద మట్టి ఉంది, కొట్టంలో ఆవు ఉంది, కళ్లంలో గడ్డి ఉంది. ఆ మూడూ ఉన్నచోట మనిషి చెయ్యి ఆ పనే చేసింది.

మట్టి పైన సున్నం. సఫోక్‌లో చాలా ఇళ్లకు చట్రం కనిపించేలా వదలరు. స్తంభాలతో సహా గోడంతా మేకవెంట్రుకలు కలిపిన సున్నం పూసి, మీద రంగు కలిపిన సున్నం వెల్ల వేస్తారు. లేత గులాబీ వెల్లకు ఈ జిల్లా పెట్టింది పేరు. పశ్చిమ ఇంగ్లండులో తెల్లటి గోడ మీద నల్లటి దూలాలు కనిపించే ఇళ్లుంటాయి. మన సినిమా పాటల్లో, క్యాలెండర్లలో చూసేవి అవే. నిజానికి దూలాలకు నల్లరంగు పులమడం చాలాచోట్ల విక్టోరియా కాలం నాటి సరదా. అంతకుముందు ఓక్ వెండిరంగుకు తిరిగేదాకా వదిలేసేవారు, లేదా మట్టితో పాటు దూలాలకూ సున్నమే వేసేవారు.

ఇంటి మధ్య గది మొదట్లో పైకప్పు దాకా ఖాళీగా ఉండేది. పొగగొట్టం లేదు. నేల మధ్య పొయ్యి, పొగ గడ్డిలోంచి తనంతట తానే దారి చూసుకునేది. అటక ఎక్కి చూస్తే వాసాలు ఇప్పటికీ మసితో నల్లగా మెరుస్తాయి. దక్షిణ ఇంగ్లండులో, ముఖ్యంగా డెవన్‌లో, కొన్ని ఇళ్ల కప్పుల్లో అడుగు పొర గడ్డి ఆ రోజులదే మిగిలి ఉంది. ఏ తరానికి ఆ తరం పాత గడ్డి మీదే కొత్త గడ్డి నేయడం వల్ల, పొగ పట్టిన ఆ మొదటి పొర పురుగు పట్టకుండా, చీకకుండా ఉండిపోయింది. జాన్ లెట్స్ అనే పరిశోధకుడు దాన్ని విప్పి చూసి, ఇవాళ పొలాల్లో కనిపించని గోధుమ, రై రకాల వెన్నులు, వాటితో పాటు కోతలో కలిసిపోయిన కలుపు మొక్కలు కూడా గుర్తుపట్టాడు. ఆ కప్పు కింద నిలబడితే ఆరు వందల ఏళ్ల నాటి పంటను తలెత్తి చూసినట్టే.

ఇక కప్పు విషయం. గడ్డి కప్పును దాదాపు యాభై డిగ్రీల నిటారు వాలుతో నేస్తారు. వాన ఎంత కురిసినా పై అంగుళం రెండంగుళాలే తడుస్తుంది, మిగతాది చూరుకు జారిపోతుంది. చూరుకు నీటి గొట్టాలు ఉండవు. నీళ్లు గోడకు దూరంగా నేల మీద పడతాయి, పడ్డ చినుకు చిట్లి గోడ అడుగుభాగాన్ని తడుపుతుంది. ఐదు వందల ఏళ్లకు పైగా ప్రతి వానలోనూ ఆ గోడ అడుగు తడిసింది. వాన వెలిశాక మట్టి, సున్నం ఆ తడిని గాలికి వదిలేశాయి. ఈ ఇల్లు కట్టినవాళ్లు తడి రాకుండా చూడలేదు. అది సాధ్యం కాదని వాళ్లకు తెలుసు. వచ్చిన తడి పోయేలా చూశారు. ఈ ఇంటి రహస్యమంతా ఆ ఒక్క మాటలో ఉంది. దాన్నే నువ్వు అర్థం చేసుకోలేదు.

నువ్వు వచ్చి ఏం చేశావో చెబుతాను. ఓక్ ఎన్ని శతాబ్దాలైనా కదలడం మానదు. చలికాలం తేమకు ఉబ్బుతుంది, వేసవికి చిక్కుతుంది. పెద్దగాలి వీస్తే మేకుల దగ్గర కాస్త ఒరిగి మళ్లీ సర్దుకుంటుంది. సున్నం దానితో పాటు కదులుతుంది. సన్నటి చీలిక పడినా వానలో కాస్త కరిగి మళ్లీ పేరుకుని చాలాసార్లు తనే పూడ్చుకుంటుంది. నువ్వు కదలవు. ఆరేటప్పుడే కుంచించుకుపోయి దూలం పక్కన వెంట్రుకంత సందు వదులుతావు. ఆ వెంట్రుకంత సందులోంచి గాలివాన నీటిని లోపలికి తోస్తుంది. లోపలికి వెళ్లిన నీటికి మళ్లీ బయటికొచ్చే దారి నీలో లేదు. అది గోడ వెనకే దిగి దిగి అడుగు దూలం మీద చేరుతుంది. కలపలో తేమ నూటికి ఇరవై పాళ్లు దాటిందంటే కుళ్లు మొదలయ్యే ప్రమాదం ఉందని ఈ పని తెలిసిన ఎవరైనా చెబుతారు. ఈ ఇంటి పడమటి గోడ అడుగున మీటరు గుచ్చి చూస్తే ముప్పై దాటింది.

కుళ్లు వచ్చాక పురుగు వస్తుంది. ఓక్‌ను తొలిచే ఒక పెంకుపురుగుకు ఇక్కడివాళ్లు చావు కాపలా పురుగు అని పేరు పెట్టారు. వసంతంలో జత కోసం అది తలను చెక్కకు కొట్టుకుంటూ టకటకమని చప్పుడు చేస్తుంది. పూర్వం మనిషి చావుబతుకుల్లో ఉన్న ఇంట్లో, రాత్రంతా మేలుకుని కూర్చున్న బంధువులకు ఆ నిశ్శబ్దంలో ఆ చప్పుడు వినబడి ఆ పేరొచ్చిందట. దాని పిల్లపురుగు చెక్క లోపలే ఏళ్లకు ఏళ్లు, ఒక్కోసారి పదేళ్లు, తింటూ ఉంటుంది. ఇంటి యజమానులు భయపడి మందులు కొట్టిస్తారు. ఎండిన గట్టి ఓక్‌లో అది బతకడమే కష్టం. దానికి కావలసింది తడిసి మెత్తబడిన కలప. ఆ కలపను వండి పెట్టింది నువ్వే. తప్పు పురుగు మీద వేసి, నిన్ను మాత్రం గోడ మీద అలాగే ఉంచుతూ వచ్చారు.

డెవన్ వైపు ఇంతకంటే ఘోరం. అక్కడ చట్రం కూడా ఉండదు. మట్టి, గడ్డి కలిపి రెండడుగుల మందంతో పోసిన గోడలే ఇంటిని మోస్తాయి. అలాంటి గోడకు నిన్ను పూస్తే లోపలి మట్టి నానుతూనే ఉంటుంది, పైకి ఏమీ తెలియదు. ఒకరోజు గోడ నడుము వంగి కూలిపోతుంది.

నీ పుట్టుక గురించి మా ఊరివాడిగా ఒక మాట చెప్పాలి. పిడుగురాళ్ల చుట్టుపక్కల భూమంతా సున్నపురాయే. ఒక వైపు సున్నపు బట్టీలు, పల్నాట్లోనే మరోవైపు నీ ఫ్యాక్టరీలు. చిన్నప్పుడు బడికి వెళ్లే దారిలో బట్టీల తెల్లటి దుమ్ము మా చొక్కాల మీద పడేది. సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే బుసకొట్టి పిండవుతుంది. గోడకు పూసాక, పోగొట్టుకున్న వాయువునే గాలిలోంచి మెల్లగా తీసుకుంటూ మళ్లీ సున్నపురాయి అవుతుంది. అదే రాయికి బంకమట్టి కలిపి 1450 డిగ్రీల దాకా కాల్చి, గట్టిపడిన ముద్దలను జిప్సంతో కలిపి నూరితే నువ్వు. మీరిద్దరూ ఒక తల్లి బిడ్డలు. సున్నం పుట్టింటికి తిరిగి వెళ్లిన బిడ్డ. నువ్వు వెళ్లవు. లీడ్స్‌లో తాపీపని చేసుకునే జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824 అక్టోబరు 21న నీకు పేటెంటు తీసుకున్నాడు. పోర్ట్‌లండ్ రాయిలా కనిపిస్తావని ఆ పేరు పెట్టాడు. ఈ ఇంటి స్తంభాలు నిలబెట్టేనాటికి నువ్వు పుట్టడానికి ఇంకా మూడు వందల ఏళ్లకు పైగా ఉంది. నువ్వు పుట్టకముందు నిలిచిన గోడను నిలబెట్టడానికి నువ్వు అవసరమని ఎలా అనుకున్నారో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

కాదు, అర్థమవుతుంది. నేనూ అదే పని చేశాను కాబట్టి.

మా నాయనమ్మ ఇల్లు మట్టిగోడలది, పైన రెల్లుగడ్డి కప్పు. ఏటా సంక్రాంతికి ముందు ఆవిడ గోడలకు ఎర్రమట్టితో పగుళ్లు మెత్తి, పేడతో అలికి, ఎండాక సున్నం వెల్ల వేసేది. నడుము పట్టుకుపోయినా మానేది కాదు. కొత్తగా ఇంజనీరునైన రోజుల్లో ఆవిడ చాకిరీ చూడలేక, మొదటి జీతాలు దాచి, గోడలకు బయటివైపు ఇనుప వల కొట్టించి నిన్ను పూయించాను. "నాయనమ్మా, ఇంక నువ్వు గోడ ముట్టుకోనక్కర్లేదు" అని గర్వంగా చెప్పాను. మూడో ఏడు కార్తీకంలో తుపాను వాన పట్టుకుంది. వాన వెలిసిన రెండో రోజు రాత్రి ఉత్తరపు గోడ కూలింది. పెచ్చులు పెచ్చులుగా నువ్వు వలకు వేలాడుతూనే ఉన్నావు, లోపలి మట్టి మాత్రం బురదై జారిపోయింది. ఆవిడ వసారాలో పడుకోబట్టి బతికింది. నేను ఊరికి వెళ్లేసరికి ఆ మట్టిని పారతో ఒక పక్కకు లాగుతోంది. నన్ను తిట్టలేదు. "దానికి ఆరే దారి లేకుండా చేశావురా నాయనా" అంది. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువులో ఆ ఒక్క మాట నాకెవరూ చెప్పలేదు. ఆవిడకు అక్షరం ముక్క రాదు.

సఫోక్ ఇంట్లో గడ్డి మీద పడ్డ నీ పెచ్చును చూసినప్పుడు నాకు ఆ పార చప్పుడు వినబడింది.

నిన్ను పూసినవాళ్లంతా నాలాంటివాళ్లే అని నాకు తెలుసు. దుర్మార్గులు కారు. రెండు ప్రపంచ యుద్ధాల తరవాత సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇక్కడ తరిగిపోయారు. నువ్వు బస్తాలో దొరికావు, రెండు రోజుల్లో గట్టిపడ్డావు, మళ్లీ ముట్టుకోనక్కర్లేదని మాటిచ్చావు. ఏటా వెల్ల వేసి అలిసిపోయిన ఇంటికి ఆ మాట ఎంత తీపిగా ఉంటుందో ఊహించగలను. కానీ ఈ ఇళ్లు ఇన్నాళ్లు బతికిందే ఎవరో ఒకరు ముట్టుకుంటూ ఉండబట్టి. గోధుమ గడ్డి కప్పు పాతికేళ్లకోసారి అటూఇటుగా కొత్తగా నేయాలి. శిఖరం మీది వరస పది పదిహేనేళ్లకే మార్చాలి. గడ్డిని అదిమి పట్టే హేజెల్ పుల్లల్ని ఒక్కొక్కటీ చేత్తో చీల్చి మెలిపెట్టాలి. ఇది లోపమని నువ్వనుకున్నావు. ప్రతి తరంలో ఒకడు నిచ్చెనెక్కి ఇంటిని దగ్గరగా చూసేవాడు, పాడైనచోట ముక్క మార్చేవాడు. నువ్వు వచ్చాక ఎవరూ చూడలేదు. నువ్వు నున్నగా ఉన్నావు, లోపల ఏం జరుగుతోందో దాచిపెట్టావు. నా అభియోగాల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే.

ఇలాంటి ఇళ్లంటే ఈ దేశానికి ఎంత ప్రాణమో ఒక ఉదాహరణ చెబుతాను. తూర్పు ససెక్స్‌లో ఆల్ఫ్రిస్టన్ అనే ఊరుంది. అక్కడ చర్చి పక్కన, పచ్చికబయలు అంచున, పద్నాలుగో శతాబ్దపు ఓక్ చట్రం ఇల్లు, గడ్డి కప్పు. మధ్యలో ఎత్తైన గది, రెండు పక్కలా మిద్దె గదులు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. మతగురువుల ఇల్లని పేరు. 1890ల నాటికి అది పడగొట్టే స్థితికి చేరింది. అప్పటికి ఎన్నో ఏళ్ల కిందటే, 1877లో, విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టి ఉన్నాడు. ఆ సంఘం వాళ్లు, ఆక్టేవియా హిల్ పూనుకున్నారు. 1895లో పుట్టిన నేషనల్ ట్రస్ట్ ఆ మరుసటి ఏడు, 1896లో, పది పౌన్లకు దాన్ని కొంది. ఇవాళ వందల కోటలు, మహళ్లు ఉన్న ఆ సంస్థ కొన్న మొట్టమొదటి కట్టడం ఒక పూరి కప్పు ఇల్లు. ఆక్టేవియా హిల్ జీవితమంతా లండన్ పేదల ఇళ్ల కోసం పనిచేసిన మనిషి. ఆమె మొదట రాజభవనాన్ని కోరుకోలేదు.

పోయిన వేసవిలో నేను అక్కడికి వెళ్లాను. మధ్య గదిలో నేల సుద్దరాయి పొడిని దిమ్మిసతో కొట్టి, పులిసిన పాలు పోసి గట్టిపరిచింది. చెప్పులు విప్పి నిలబడ్డాను. మా ఇంట్లో పేడ అలికిన నేల ఇచ్చే చల్లదనమే అరికాళ్లకు తగిలింది. నా పక్కన ఒక తెలుగు కుటుంబం ఉంది, గుంటూరు వైపు యాస. చిన్నపిల్ల నేలను తాకి "అమ్మా, ఇది మెత్తగా ఉంది" అంది. స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర షాటరీలో షేక్‌స్పియర్ భార్య ఆన్ హాథవే పుట్టింటికి మనవాళ్లు బస్సుల్లో వెళ్తుంటారు. అదీ గడ్డి కప్పు ఓక్ ఇల్లే, పాత భాగం 1463 నాటిది. 1969లో మంటల్లో చిక్కుకున్నా మళ్లీ నిలబెట్టారు. ఫొటోలు దిగి వచ్చేస్తాం. వాటి గోడలు ఎందుకు మెత్తగా ఉన్నాయో అడగం.

నిన్ను తీయడానికి కూడా అనుమతి కావాలి. ఈ ఇల్లు చట్టం కాపలాలో ఉన్నది, రెండో శ్రేణి. అలాంటి ఇంటి రూపాన్ని అనుమతి లేకుండా మార్చడం 1990 చట్టం ప్రకారం నేరం. పెద్దావిడ అర్జీ పెట్టుకుంది, అధికారి వచ్చి చూశాడు, ఒక మూల నిన్ను తీసి అడుగు పరీక్షించాడు, సరేనన్నాడు. పాత సున్నపు పూత ఎక్కడైనా బతికి ఉంటే దాన్ని ముట్టుకోవద్దని రాసిచ్చాడు. ఆ రాత విలువ నాకు ఆ శనివారం తెలిసింది. వాయవ్య మూలలో నీ కింద అరచేతి వెడల్పున పాత పూత దొరికింది. అందులో మేకవెంట్రుకలు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

పడమటి గోడ పని ఎలా సాగిందో నీకు చెప్పాలి, ఎందుకంటే నీ చోట ఏం వచ్చిందో నీకు తెలియాలి. వడ్రంగి కుళ్లిన అడుగు దూలాన్ని తొమ్మిదడుగుల మేర కోసేశాడు. గట్టిగా ఉన్నదాన్ని అంగుళం కూడా తియ్యలేదు. కొత్త పచ్చి ఓక్ తెచ్చి, పాతదాని కొసనూ కొత్తదాని కొసనూ ఏటవాలుగా మెట్లు చెక్కి ఒకదానిలో ఒకటి బిగించి, ఓక్ మేకులు కొట్టాడు. రంగు పూసి పాతదానిలా కనిపించేలా చెయ్యలేదు. ఎవరు ఏ కాలంలో బాగుచేశారో చూసేవాడికి తెలియాలన్నాడు. తడిక చాలామటుకు బాగానే ఉంది. రాలిన మట్టినే పోగుచేసి, నీళ్లలో నానబెట్టి, కొత్త గడ్డి కలిపి, మళ్లీ అదే గోడకు మెత్తాం. నేను కాళ్లతో తొక్కాను. ఐదు వందల ఏళ్లకు ముందు ఒకరు తొక్కిన మట్టిని మళ్లీ తొక్కాను. దాని మీద ఒక పాలు సున్నం ముద్ద, మూడు పాళ్లు ఇసుక, మేకవెంట్రుకలు. మూడు పొరలు, పొరకూ పొరకూ మధ్య రోజుల ఎడం. త్వరగా ఎండిపోకుండా తడి గోనెపట్టాలు వేలాడదీసి, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లింది పెద్దావిడ. పల్నాట్లో దంగు సున్నానికి కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవారని చెబితే కాగితం తెచ్చి రాసుకుంది.

సున్నం పనిని మళ్లీ బతికించినవాళ్లు ఈ దేశంలో ఉన్నారు. 1970లలో రాబర్ట్ బేకర్ వెల్స్ కేథడ్రల్ పడమటి ముఖం మీది మధ్యయుగపు రాతి శిల్పాలను సున్నంతోనే కాపాడి చూపించాడు. అప్పటినుంచి నేర్చుకున్నవాళ్లు నేర్పుతూనే ఉన్నారు. మా దగ్గర గానుగ సున్నం తిప్పిన ఎద్దులు పోయాయి, ఆ గానుగ రాళ్లు పాత ఆనకట్టల పక్కన, గుళ్ల వెనక గడ్డిలో పడి ఉన్నాయి. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ గోదావరికి ఆనకట్ట కట్టినప్పుడు నువ్వు అక్కడ లేవు. రాయీ సున్నమూ ఆ నదిని ఆపాయి. ఆ ఇంగ్లీషు దొరకు సున్నం మీద ఉన్న నమ్మకం నా తరం తెలుగు ఇంజనీర్లకు లేకుండా పోయింది.

ఇంగ్లండులో ఇలాంటి ఇళ్లు కొనుక్కుంటున్న తెలుగువాళ్లు ఈమధ్య నాకు ఇద్దరు ముగ్గురు తగిలారు. వాళ్లకు ఒక విన్నపం. గోడ మీద వేలి కణుపుతో కొట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే, లోపల బూజు వాసన తగిలితే, రంగు మార్చేముందు సున్నం తెలిసిన మేస్త్రీని పిలవండి. ఊళ్లో మట్టిగోడల ఇల్లు ఇంకా మిగిలి ఉన్నవాళ్లకూ అదే మాట. తల్లిదండ్రుల చాకిరీ తగ్గించాలనుకుంటే వెల్ల వేయడానికి మనిషిని పెట్టండి. గోడకు ఆరే దారి మూయకండి.

నీకు చెప్పాల్సింది ఇక కొంచెమే. వంతెన కింద ఉండు, నీళ్ల ట్యాంకులో ఉండు, పునాదిలో ఉండు. అక్కడ నీకు ఎదురు లేదు, నేనే నిన్ను పిలుస్తాను. ఈ ఇంటి పడమటి గోడ మీద ఇప్పుడు సున్నం ఉంది. మీటరు పెడితే తేమ ఇరవై నాలుగుకు దిగింది, ఇంకా దిగుతోంది. తూర్పు గోడ మీద నువ్వు ఇంకా ఉన్నావు. మంచు పడే రోజుల్లో సున్నం పని చెయ్యకూడదు కాబట్టి ఈ చలికాలం ఆగుతున్నాం. ఏప్రిల్ మొదటి శనివారం వడ్రంగి వస్తాడు. నేను ఉలి తెస్తాను.